డ్రాగన్ చచ్చేదాకా

(మధ్యాహ్నం. ఒక ఆఫీసు భవనంలో తనిఖీ జరుగుతున్న లిఫ్ట్. లోపల ఇద్దరే: లిఫ్ట్ మెకానిక్, అతని చెల్లెలు.)

"ఒక్క వంతెన, అన్నయ్యా. ఒక్క వంతెన దాటడానికి అయిదు ఆదివారాలు. నిజం వంతెన కట్టేవాళ్ళకి కూడా ఇంత తీరిక ఉండదు."

"పక్కకి జరుగు. తలుపుకి నీ చెయ్యి అడ్డం."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. నువ్వు చెయ్యి తీస్తే తలుపు సరిగ్గా మూసుకుంటుందో లేదో చూడాలి. ఇది నా ఉద్యోగం. నువ్వే వచ్చి మీద పడ్డావు."

"ఇంట్లో అడిగితే వదిన ముందు నోరు విప్పవు. ఆట దగ్గర అడిగితే 'కథలో తెలుస్తుంది' అంటావు. అందుకే ఇక్కడ పట్టుకున్నా. ఇందులోంచి ఎక్కడికి పోతావో చూస్తా."

"మూడో అంతస్తుకి."

"అబ్బో, నవ్వలేక చస్తున్నా. విను. నేను మా ముగ్గురి తరఫున వచ్చాను. నేను, మందులషాపాయన, పోస్ట్‌మాన్ గారు. వాళ్ళిద్దరికీ నీ మొహం చూసి చెప్పడానికి మొహమాటం. నాకు లేదు కాబట్టి నన్ను పంపారు."

"అంబులెన్స్ డ్రైవర్ని పంపారంటే కేసు సీరియస్ అన్నమాట."

"సీరియస్సే. పేషెంటు నీ కథే. నాడి దొరకట్లేదు. 'రండి, డ్రాగన్ని చంపుదాం' అని పిలిచావు. తలా ఒక వేషం ఇచ్చావు, కత్తులిచ్చావు, మంత్రాలిచ్చావు. నువ్వు కథ చెప్తావు, మేం ఏం చేస్తామో చెప్తాం, గెలుపోటములు పాచిక తేలుస్తుంది. ఇంతేగా ఆట? రెండేళ్ళయింది. ఇంతవరకు ఆ డ్రాగన్ తోక కూడా మా కంట పడలేదు."

"వస్తుంది. దేనికైనా సమయం రావాలి."

"ఏది ముందొస్తుంది, సమయమా, మా రిటైర్‌మెంటా? వంతెన దగ్గర ఒక కాపలావాడు. సరే, ఉండనీ. వాడికొక దగ్గు. వాడికొక మేనత్త. ఆ మేనత్తకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ మోకాళ్ళకీ డ్రాగన్‌కీ ఏంటి సంబంధం?"

"కథలో లోకం నిజంలా అనిపించాలంటే మేనత్తలు కూడా ఉండాలి."

"ఉండనీ, ఆవిడింట్లో ఆవిణ్ణి ఉండనీ. ఒక ఆదివారం మొత్తం ఆవిడ మోకాళ్ళకి తైలం వెతికాం. పోస్ట్‌మాన్ గారు వారమంతా మెట్లెక్కి దిగే మనిషి. సొంత మోకాళ్ళకి కూడా ఆయన అంత వెతుక్కోలేదు."

"కథకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. ఆట నడిపే గేమ్ మాస్టర్ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. ఒక్కో ద్వారం, ఒక్కో రాయి ముందే ఆలోచించి పెట్టుకోవాలి."

"ఊపిరి తీసుకోవడం వేరు, పడుకోవడం వేరు. మాకు గురక వినిపిస్తోంది."

"నాలుగో అంతస్తు. ఇక్కడ తలుపు కొంచెం గీసుకుంటోంది, విన్నావా?"

"నాకేం వినిపించలేదు."

"నీకు వినిపించదు. సైరన్ మోగే బండిలో తిరుగుతావు."

"అన్నయ్యా, ఈ ఆదివారం మేం డ్రాగన్ గుహలోకి వెళ్తామా, లేదా? తాడో పేడో తేల్చు."

"చూద్దాం."

"అదిగో. వచ్చేసింది. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నా. తలుపు వెనక ఏముంది? చూద్దాం. ఇవాళ పోరాటం ఉందా? చూద్దాం. నీ నోట్లోంచి ఆ మాట తీసేస్తే ఇంక నాలుకే మిగుల్తుంది."

"మరి ఏమనమంటావు?"

"ఏమీ అనక్కర్లేదు. ఆదివారం నుంచి నేను నడుపుతాను. వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు."

"మీ వదిన?"

"వదిన అందరికంటే ముందు ఒప్పుకుంటుంది. ప్రతి వారం బల్ల దగ్గర కూర్చుంటూనే అడిగే మొదటి మాటేంటి? 'ఇవాళైనా డ్రాగన్ ఉందా, లేకపోతే నా పని నేను చూసుకోనా?' అంతేగా. ఆవిడకున్నంత తొందర మాకెవరికీ లేదు... ఏంటి, లిఫ్ట్ ఆగింది?"

"నేనే ఆపాను."

"అయిదుకీ ఆరుకీ మధ్యలోనా?"

"ఇక్కడైతే ఎవరూ వచ్చి తలుపు కొట్టరు. నీకో సంగతి చెప్పాలి. అరవకూడదు."

"నేనెప్పుడు అరిచాను?"

"డ్రాగన్ చచ్చిన మర్నాడు మీ వదిన వెళ్ళిపోతుంది."

"ఎక్కడికి? పుట్టింటికా?"

"నన్ను వదిలేసి."

"జోకా?"

"నేను జోకులెయ్యడం ఎప్పుడైనా చూశావా?"

"మూడో అంతస్తు జోకు ఇందాకే వేశావు. అది విన్నాకే భయమేసి అడుగుతున్నా. పోట్లాడుకున్నారా?"

"పోట్లాడుకుంటే బాగుండేది. ఎప్పుడో ఒకప్పుడు రాజీ పడేవాళ్ళం. ఆట మొదలైన కొత్తలోనే ఆవిడ నెమ్మదిగా చెప్పింది, 'నేను వెళ్తాను' అని. నేను నీళ్ళు నమిలాను. నమిలి నమిలి, 'మధ్యలో లేస్తే ఆట పాడవుతుంది, అయ్యేదాకా ఆగు' అన్నాను."

"ఆట పాడవుతుందన్నావా? కాపురం గురించి మాట్లాడుతుంటే?"

"నోటికి అదే వచ్చింది. 'సరే, డ్రాగన్ చచ్చేదాకా ఉంటాను' అంది. మీ వదిన మాట ఇస్తే నీకు తెలుసుగా."

"తెలుసు. అందుకని వంతెన."

"అందుకని వంతెన."

"మేనత్త మోకాళ్ళు?"

"అవి కూడా."

"మొసళ్ళ కాలువలో పడవకి చిల్లు పెట్టింది?"

"చెల్లీ, అన్నీ. అన్నీ అందుకే."

"మేమేమో నీది గొప్ప శైలి అనుకున్నాం. మందులషాపాయనైతే 'మీ అన్నయ్య లోతైన మనిషి' అని కూడా అన్నారు. లోతు ఇదన్నమాట."

"నాకు భయంగా ఉంది. పొద్దున్న నిద్ర లేవగానే ముందుగదిలో మీ వదిన కట్టుడుపళ్ళు అరగదీసే మిషను చప్పుడు వినిపించాలి నాకు. అది లేకపోతే ఆ ఇంట్లో ఎలా లేవాలో నాకు తెలీదు."

"ఈ మాట ఆవిడతో అన్నావా?"

"అందామనే అనుకుంటున్నా. సందర్భం చూసి..."

"లిఫ్ట్ దించు."

"కోపమొచ్చిందా?"

"దించు అన్నయ్యా. నాకిక్కడ ఊపిరాడట్లేదు. నువ్వేమో కథకి ఊపిరి కావాలంటావు."

(అదే సాయంత్రం. మెకానిక్ ఇంటి ముందుగదిలో కట్టుడుపళ్ళు తయారుచేసే చిన్న ల్యాబ్. వదిన, ఆమె ముద్దుగా 'సైరన్' అని పిలిచే ఆడపడుచు.)

"ఆ కుర్చీ వద్దు సైరన్, నిండా ప్లాస్టర్ పొడి. స్టూలు లాక్కో. దాని మీద ఒక దవడ ఉంది, తీసి బల్ల మీద పెట్టు. ఎవరిదని మాత్రం అడక్కు."

"ఎవరిది?"

"నీకు బాగా తెలిసినాయనది. అందుకే అడగొద్దన్నాను."

"వదినా, చెయ్యి తుడుచుకోవాలి. గుడ్డ ఇందులో ఉందా?"

"కింది సొరుగు ముట్టుకోకు. అందులో అచ్చులున్నాయి. పైది తియ్యి. సరే, మీ అన్నయ్య చెప్పేశారన్నమాట."

"నేనింకా ఏమీ అనలేదే."

"అంబులెన్స్‌ని సందులో ఒక్క తిప్పుకి నిలబెట్టే మనిషివి. ఇవాళ స్కూటర్ ఆపడానికి గుమ్మం ముందు మూడు తిప్పులు తిప్పావు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"నిజమేనా అయితే?"

"ఏది, వెళ్ళిపోవడమా? అది డ్రాగన్ చచ్చాక సంగతి. ఇప్పుడున్న నడకే సాగితే, నేను చేసే ఈ పళ్ళు మేమిద్దరం పెట్టుకునే వయసొచ్చేదాకా హాయిగా కాపురం చేస్తాం. నువ్వేం బెంగ పెట్టుకోకు."

"నువ్విలా మాట్లాడితే నవ్వాలో ఏడవాలో తెలీదు వదినా."

"నాకూ తెలీదు. అందుకే పళ్ళు అరగదీసుకుంటున్నాను."

"అన్నయ్య మంచోడు."

"కాదని ఎవరన్నారు? చెడ్డాయనైతే ఈపాటికి తేలిపోయేది. ఆయన మంచాయన కాబట్టే ఇన్నాళ్ళు పట్టింది."

"అసలేమైంది?"

"ఏమీ కాలేదు. అదే అయింది. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబ్ పెడుతున్నారు, వచ్చి నన్నే నడపమన్నారు. ఈ ముందుగదిలో ఒక్కదాన్నే దుమ్ము పీల్చుకుంటూ చేసే పని, అక్కడ నలుగురికి నేర్పిస్తూ చెయ్యొచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది. మీ అన్నయ్యతో 'ఇద్దరం వెళ్దాం, అక్కడ మాత్రం లిఫ్టులుండవా, మెట్లెక్కే బతుకుతున్నారా' అన్నాను. ఆయన ఏమన్నారో నువ్వు చెప్పు."

"చూద్దాం."

"కరెక్ట్. నీకు పాచిక వెయ్యక్కర్లేదు. వద్దంటే పోట్లాడేదాన్ని. సరే అంటే సామాను సర్దేదాన్ని. చూద్దాం అంటే ఏం చెయ్యాలి? చూస్తూ కూర్చున్నాను."

"మరి ఆ ల్యాబ్ వాళ్ళు?"

"ఇంకొకామెని పెట్టుకున్నారు. ఆవిడ చేరింది, నేర్చుకుంది, విసుగెత్తి మానేసింది కూడా. మళ్ళీ నన్నే అడుగుతున్నారు. అంటే ఒక పూర్తి ఉద్యోగం నాకోసం మొదలై అయిపోయింది, నేను గడప దాటకుండానే. మీ అన్నయ్య ఇంకా చూస్తూనే ఉన్నారు."

"నన్ను తిట్టినా ఫర్వాలేదు, ఒక మాట అడుగుతా. వెళ్ళాలనుంటే వెళ్ళిపోవచ్చుగా. దానికీ ఆటకీ ముడి ఎందుకు?"

"నేను పెట్టానా ముడి? 'మధ్యలో లేచిపోతే వాళ్ళు ముగ్గురూ ఏమైపోతారు' అన్నారు ఆయన. పెళ్ళి మధ్యలో ఆగినా ఫర్వాలేదు, ఆట మధ్యలో ఆగకూడదట. సరే, మీ కోసం ఒప్పుకున్నాను. అప్పటికి నాకు మేనత్త మోకాళ్ళ సంగతి తెలీదుగా."

"అదిగో, నీ డ్రాగన్ బొమ్మ అద్దాల బీరువాలోనే ఉంది. ఎప్పుడు చేశావో మర్చిపోయాను. పళ్ళు అచ్చం మనిషి పళ్ళలా ఉన్నాయి."

"మనిషి పళ్ళే. ఒకాయన కొలతలిచ్చి, పళ్ళు తీసుకెళ్ళడానికి రాలేదు. ఆయన పోయాడో, మనసు మార్చుకున్నాడో. పారెయ్యబుద్ధి కాక దీనికి పెట్టాను. నవ్వితే కాస్త మర్యాదగా ఉంటుందని."

"ఎంత బాగా చేశావు వదినా. రెక్కలో నరాలు కూడా."

"ఆట మొదలైన కొత్తలో చేశాను. ఇంకో నెలలో బల్ల ఎక్కుతుందనుకుని నాలుగు రాత్రుల నిద్ర మానుకుని చేశాను. అప్పట్నుంచి దాని దుమ్ము దులుపుతున్నాను. నువ్వొచ్చింది ఎందుకు, బొమ్మ చూడ్డానికి కాదుగా."

"ఆదివారం నుంచి నన్ను నడపమంటున్నారు."

"నడుపు."

"నేను నడిపితే డ్రాగన్ చచ్చిపోతుంది వదినా. నాకు నాన్చడం రాదు."

"నాన్చమని నేను అడిగానా?"

"చచ్చిపోతే నువ్వు..."

"మాటంటే మాట."

"ఒక్కసారి ఆలోచించు. ఆడపడుచుగా అడుగుతున్నా."

"ఆడపడుచుగా అయితే టీ తాగి వెళ్ళు, పెడతాను. గేమ్ మాస్టర్‌గా అయితే ఒక మాట విను. ఆడేవాళ్ళ మొహాలు చూసి నడుపు. ఎవరికి ఊపిరాడట్లేదో, ఎవరికి ఊపొచ్చిందో మొహంలో తెలిసిపోతుంది. మీ అన్నయ్య తలుపుల్ని చూస్తారు. నువ్వు గడియారాన్ని చూస్తావు. మీ ఇంట్లో మనుషుల్ని చూసే అలవాటు ఎవరికీ ఉన్నట్టు లేదు."

"తగిలింది."

"తగలాలనే అన్నాను."

"మరి అన్నయ్య? ఆయన ఆదివారం ఏం చెయ్యాలి, ఇంటి బయట నిలబడాలా?"

"ఎందుకు? ఆయన్నీ ఆడమను. కొత్త వేషం వద్దు, తయారుచేస్తూ మరో రెండేళ్ళు తీసుకుంటారు. ఆ దగ్గు కాపలావాడున్నాడుగా, వాడి వేషమే తీసుకుని మా వెంట రమ్మను. ఎవరో నడిపే కథలో తన వంతు కోసం కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలి."

(ఆదివారం మధ్యాహ్నం. అదే ల్యాబ్. బల్ల మీద పటం, పాచికలు, కట్టుడుపళ్ళ డ్రాగన్. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చెల్లెలు ఆట నడుపుతోంది. అన్న, వదిన ఆడుతున్నారు.)

"మళ్ళీ చెప్తున్నా అన్నయ్యా, అడవి అయిపోయింది. చెట్లున్నాయి, దాటారు. కొండ ఉంది, ఎక్కారు. ఇది గుహ. ఇంక వెనక్కి అడక్కు."

"కొండ మీద ఏముందో కూడా చెప్పలేదు."

"రాళ్ళు."

"రాళ్ళంటే ఎలాంటివి?"

"గట్టివి."

"ఏవండీ, ఊరుకోండి. మీ రెండేళ్ళ దారిని పిల్ల టీ చల్లారేలోపు దాటించింది. అయినా సైరన్, మంత్రగాణ్ణీ దొంగనీ గుహ గుమ్మంలోనే చంపేశావు, అది మాత్రం అన్యాయం. మందులషాపాయన మంత్రం ఇంకా పూర్తిగా చదవనే లేదు."

"చదివేదాకా డ్రాగన్ ఆగాలా? ఆయన మందుల చీటీ చదివినట్టు చదువుతున్నారు."

"పోస్ట్‌మాన్ గారు పాపం 'నేను చుట్టూ తిరిగి...' అన్నారు. చుట్టూ దగ్గరే బూడిదైపోయారు."

"గుహలో చుట్టూ ఎక్కడుంటుంది వదినా?"

"ఇద్దరూ అలిగి కింద టీకొట్టుకి పోయారు. రెండేళ్ళు ఓపిక పట్టింది ఇందుకా అని మెట్ల మీద గొణుక్కున్నారు."

"వస్తారు. వచ్చాక దయ్యాలుగా ఆడిస్తా. ఇప్పుడు నీ సంగతి చూసుకో. నీ కత్తి విరిగింది. డ్రాగన్ ముందుకాలు నీ ఛాతీ మీద ఉంది. ఇంకొక్క దెబ్బకి నువ్వూ అయిపోతావు."

"అయితే నేను విరిగిన ముక్కతో..."

"నీ వంతు అయిపోయింది. ఇప్పుడు అన్నయ్య వంతు. వంతెన కాపలావాడు ఏం చేస్తాడు?"

"వాడు... డ్రాగన్ కళ్ళు ఏ రంగు?"

"అన్నయ్యా."

"సరే, సరే. వాడి చేతిలో ఏముంది?"

"వంతెన దగ్గర పట్టుకుని నిలబడే ఈటె. ఏం చేస్తాడు, తొందరగా..."

"సైరన్, ఏమైంది? ఆగిపోయావు."

"ఏం లేదు వదినా. నువ్వేగా మొహాలు చూడమన్నావు. చూస్తున్నా... అన్నయ్యా, ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను. ఎడమపక్క గోడలో ఒక సొరంగం ఉంది."

"సొరంగమా?"

"అవును. ఉన్నట్టుండి డ్రాగన్‌కి నిద్ర కూడా ముంచుకొస్తోంది. కాలు కాస్త సడలింది. వదిన్ని లాక్కుని సొరంగంలోకి పారిపోవచ్చు. వచ్చే ఆదివారం మళ్ళీ రావచ్చు."

"డ్రాగన్‌కి నిద్రా? ఇందాక పోస్ట్‌మాన్ గారి దగ్గర ఒక్క ఆవలింత కూడా తియ్యలేదే అది."

"రెండు హత్యలు చేసి అలిసిపోయింది వదినా. నువ్వు మధ్యలో రాకు."

"ఆ సొరంగం ఎంత పొడుగు?"

"చాలా పొడుగు అన్నయ్యా. నీకు ఎన్ని ఆదివారాలు కావాలంటే అంత పొడుగు. కావాలంటే అందులో ఒక మేనత్త కూడా ఉంది. తొందరేం లేదు. ఆలోచించుకో."

"పొడుస్తాను."

"ఏంటి?"

"ఈటెతో డ్రాగన్ని పొడుస్తాను."

"ఆగు. ఆ ఈటె తుప్పు పట్టిపోయింది."

"తెలుసు. పట్టించింది నేనే."

"గురి తప్పితే వదిన పోతుంది."

"పాచిక ఇలా ఇవ్వు."

"ముందు టీ తాగుదాం. వాళ్ళిద్దర్నీ కూడా పిలుచుకొద్దాం. ఇంత పెద్ద ఘట్టం ఇద్దరు దయ్యాలు లేకుండా..."

"అంబులెన్స్‌కి బ్రేకులు పడుతున్నాయే. సైరన్, నువ్వు ఊరుకో. ఏవండీ, ఏం చేస్తున్నారో తెలిసే చేస్తున్నారా?"

"తెలిసే. నేను ఇంతకుముందే చెప్పాల్సిన మాట. నువ్వు ఇక్కడ ఉండాలని నాకుంది. పొద్దున్నే నీ మిషను చప్పుడు వినకుండా లేవడం నాకు చేతకాదు. కానీ లిఫ్ట్ ఇరుక్కుంటే లోపలున్నవాళ్ళు నాకు దణ్ణం పెట్టేది తలుపు తీసినందుకు. లోపల ఎంతసేపు భద్రంగా ఉంచానని ఎవరూ పెట్టరు. నిన్ను రెండేళ్ళు రెండంతస్తుల మధ్య ఆపాను. ఇంక ఆపను. పాచిక ఇవ్వు చెల్లీ."

"ఇది ఇరవై ముఖాల పాచిక, పంతొమ్మిది పడాలి. తక్కువైతే తప్పినట్టే."

"మంత్రగాడికి పన్నెండు చాలన్నావు."

"అది ఆయన లెక్క. ఇది డ్రాగన్ గుండె లెక్క."

"చెల్లీ."

"సరే, పదిహేడు. అంతకంటే తగ్గను. వేస్తే వెయ్యి."

"వేశాను."

"అది కింద పడింది, చెల్లదు."

"బల్ల మీదే ఉంది, నీ మోచేతి పక్కన."

"వంకరగా ఆగింది."

"వంకరేం లేదు. పద్దెనిమిది. నాకు కనిపిస్తూనే ఉంది. చెప్పు సైరన్, నువ్వే చెప్పాలి."

"...డ్రాగన్ చచ్చింది. ఈటె గుండెల్లో దిగింది. కాలు పక్కకి పడింది. వదిన లేచి నిలబడొచ్చు. అంతే. కథ అయిపోయింది. ఇంత చెత్తగా ఎవరూ ముగించి ఉండరు, నన్ను ఇంకెప్పుడూ నడపమని అడక్కండి."

"పొద్దున్న అటక మీద నుంచి నీ ప్రయాణం పెట్టె దించాను. చక్రం ఒకటి తిరగట్లేదు. నూనె వేశాను, ఇప్పుడు బాగా తిరుగుతోంది."

"పక్కగదిలో ఆ కిర్రు కిర్రు అదేనా?"

"అదే. రెండు వైపులా దొర్లించి చూశాను."

"చూస్తారు. మీరు చూడకుండా ఎందుకుంటారు... సైరన్, కళ్ళు తుడుచుకో. నా వంతు."

"వంతేంటి వదినా? అయిపోయిందిగా."

"డ్రాగన్ చచ్చింది. నేను చావలేదుగా. కాపలావాడి తర్వాత వంతు నాది. డ్రాగన్ కూర్చున్న చోటు వెతుకుతాను."

"ఏముంటుంది అక్కడ?"

"మనం అడవి దాటాం, కొండ ఎక్కాం. అది చూస్తూనే ఉంది. ఎగిరొచ్చి దారిలోనే కాల్చెయ్యొచ్చు. ఆ ఒక్క చోటు వదిలి ఎందుకు కదల్లేదు? అది దేన్నో పొదుగుతోంది. గుడ్డు ఉండాలి."

"గుడ్డా?"

"గుడ్డే. ఈ గుహ చలికి అది బతకదు. కొండ అవతలి ఊరికి మోసుకెళ్ళాలి. నా ఒక్కదాని వల్ల కాదు. ఏవండీ, కాపలావాడు ఆ వంతెనని పూర్తిగా వదిలేసి వస్తాడా?"

"వస్తాడు."

"చూద్దాం అనడా?"

"అనడు. వస్తాడు. ఇవాళే బయల్దేరతాడు."

"ఆగండి, ఇద్దరూ ఆగండి. ఆట నడిపేది నేను. గుడ్డు ఉందని నేనింకా అననేలేదు. నేను అసలు అనుకోనే లేదు. పటంలో లేదు, బల్ల మీద పెట్టడానికి బొమ్మ కూడా లేదు వదినా."

"కింది సొరుగు తియ్యి. పైదవడల అచ్చుల వెనకాల గుడ్డలో చుట్టి ఉంది. డ్రాగన్‌తో పాటే చేసి దాచాను."